కొత్త దేశంలో మనుషుల్ని కలవడం: ఆట, ఆఫీసు, కుక్క. దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చి మూడు నెలలైంది. ఆఫీసు పని బాగానే సాగుతోంది. సాయంత్రం ఆరు దాటితే, శని ఆదివారాలొస్తే మాత్రం పలకరించే మనిషి లేరు. షటిల్ కొద్దిగా వచ్చు. కుక్కను తెచ్చుకుంటే నలుగురూ వాళ్లంతట వాళ్లే పరిచయమవుతారని ఒకరన్నారు. ఏది ముందు, ఎలా మొదలుపెట్టాలో కాస్త వివరంగా చెప్తారా?

జవాబు: షటిల్ గ్రూపు చూసుకునేవారు

తమ్ముడూ, షటిల్ వచ్చన్నావు కదా, ముందు దాన్నే పట్టుకో. కుక్క సంగతి తర్వాత చూద్దాం.

ఒక్కసారి జరిగి అయిపోయే కలయికల్లో యాభై మందితో మాట్లాడినా, మర్నాటికి ఒక్క పేరు గుర్తుండదు. వారం వారం అదే రోజు, అదే గంటకు, అదే మనుషులు వచ్చే చోటు వెతుక్కో. అక్కడ చేతికి ఏదో ఒక పనుండాలి. ఆట ఆ పని చేసిపెడుతుంది. ఏం మాట్లాడాలా అని వెతుక్కోనక్కర్లేదు, రెండు షాట్ల మధ్య అదే వస్తుంది.

గ్రూపులో చేరేముందు నడిపేవాళ్లను మూడు విషయాలు అడుగు. ఒక్కో కోర్టుకు ఎంతమందిని తీసుకుంటారు, వంతులు ఎలా వేస్తారు, రాలేనప్పుడు ఎప్పటిలోగా చెప్పాలి. మొదటి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. 21 పాయింట్ల డబుల్స్ ఆట ఒకటి, మనుషులు మారే సమయంతో కలిపి, ఇంచుమించు 15 నిమిషాలు పడుతుంది. రెండు గంటల బుకింగ్‌లో ఎనిమిది ఆటలు. కోర్టుకు నలుగురే ఉంటే ఎనిమిదీ ఆడి, రొప్పుతూ సంచి సర్దుకుని వెళ్లిపోతారు. ఎనిమిది మంది ఉంటే సగం సేపు బెంచీ మీదే, అందరూ ఫోన్లలో తలదూర్చేస్తారు. ఆరుగురైతే బాగా కుదురుతుంది. ఒక్కొక్కరికి ఐదారు ఆటలు దొరుకుతాయి, ప్రతి ఆటకూ ఇద్దరు బయట కూర్చుంటారు. ఆ ఇద్దరి పావుగంటే నీకు కావలసింది. స్నేహాలు కోర్టులో కంటే ఆ బెంచీ మీదే ఎక్కువ మొదలవుతాయి. ఆ కాసేపు ఫోన్ సంచిలోనే ఉండనీ.

వంతుల దగ్గరే గ్రూపులు చెడిపోతాయి. బాగా ఆడేవాళ్లు ఒకరినొకరు ఎంచుకుంటారు, కొత్తగా వచ్చినవాడు నాలుగో ఆట దాకా చూస్తూ కూర్చుంటాడు, మూడో వారం రాడు. పేర్ల చీటీలు ఒక బోర్డు మీద వరుసగా పెట్టి, పైనున్న నలుగురూ దిగే పద్ధతి ఉన్న గ్రూపు దొరికితే వదులుకోకు. గెలిచినవాళ్లు కోర్టులోనే ఉండిపోయే పద్ధతైతే, వరుసగా రెండు ఆటలకు మించి ఉండకూడదన్న నియమం ఉందో లేదో కనుక్కో. లేకపోతే నీలాంటి వాళ్లకు అది చోటు కాదు.

నీ వైపు నుంచి చేయాల్సినవి చిన్నవే. కోర్టు, షటిల్ కాక్‌ల ఖర్చులో నీ వాటా ఆరోజే ఇచ్చెయ్యి, అడిగించుకోకు. రాలేకపోతే కనీసం ఒక రోజు ముందు చెప్పు. ఆరుగురిలో ఒకరు రాకపోయినా ఆట సాగుతుంది, ముగ్గురు చివరి గంటలో మానేస్తే కోర్టు మొత్తం వృథా. రెండో నెల నుంచి ఒక పని నెత్తిన వేసుకో. కాక్‌లు తేవడమో, హాజరు లెక్క రాయడమో, ఏదైనా సరే. ఆ పని వల్ల పదిమంది నీకు మెసేజ్ పెట్టాల్సి వస్తుంది, నీ నంబరు అందరి ఫోన్లలోకీ చేరుతుంది.

జవాబు: ఆఫీసు సంగతి

అన్నయ్య చెప్పినదానికి ఒక లెక్క కలుపుతాను. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలి. స్నేహితులు అనిపించుకోవడానికి 90 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన. వారానికి రెండు గంటల షటిల్ అంటే మొదటి మెట్టుకే 25 వారాలు. కాబట్టి రెండు నెలలకే "ఇక్కడి మనుషులు కలవరు" అని తీర్పు ఇచ్చేయకండి. అప్పటికి గడిచింది 16 గంటలే.

అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. కలిసి పనిచేసిన గంటలు ఈ లెక్కలో అంతగా కలిసిరావు. రోజుకు ఎనిమిది గంటలు పక్క సీటులో కూర్చున్నా మనిషి దగ్గర కాకపోవడానికి కారణం మీలో లోపం కాదు. ఆ మనిషిని మీరు ఎంచుకోలేదు, ఆయనా మిమ్మల్ని ఎంచుకోలేదు, ఇద్దరికీ జీతం కోసం అక్కడ ఉండక తప్పదు. అందుకే ఆఫీసు పరిచయాన్ని ఆఫీసు దాటించాలి.

దాటించే పద్ధతి ఇదీ. మొదటి నెలంతా మధ్యాహ్నం భోజనం మీ బల్ల దగ్గర కాకుండా అందరూ తినే చోట చేయండి, వారానికి కనీసం మూడు రోజులు, ఒకే సమయానికి. ఒకరి దగ్గర చిన్న సాయం అడగండి. పది నిమిషాల్లో తేలిపోయేది, ఆ మనిషికి బాగా తెలిసినది అయ్యుండాలి. రెండు రోజుల తర్వాత వెళ్లి, మీరు చెప్పినట్టు చేశాను, ఇలా అయింది అని చెప్పండి. ఈ రెండో అడుగే అందరూ మర్చిపోతారు. సాయం చేసినవాళ్లకు దాని ఫలితం తెలిస్తే, తర్వాతి పలకరింపు వాళ్ల నుంచే వస్తుంది.

ఆ తర్వాత పిలుపు. "ఎప్పుడైనా కలుద్దాం" అన్న మాట ఏ దేశంలోనూ పని చేయదు. ఏం చేస్తున్నారో, ఎక్కడో, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో, రాకపోయినా ఏమీ అనుకోరనీ ఒకే మెసేజ్‌లో ఉండాలి. ముగింపు సమయం చెప్పడం ముఖ్యం. గంటన్నరలో అయిపోతుందని తెలిస్తే పిల్లలున్నవాళ్లు కూడా ఒప్పుకుంటారు. ఒకసారి కాదంటే మూడు వారాలు ఆగి ఇంకోసారి పిలవండి. రెండోసారీ కాదని, వేరే రోజేదీ వాళ్లంతట వాళ్లు చెప్పకపోతే, అక్కడితో ఆపేయండి.

అందరూ దగ్గరి స్నేహితులే కావాలని కూడా పట్టుబట్టకండి. మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో రాసిన వ్యాసంలో, పరిచయాల ద్వారా ఉద్యోగాలు మారినవాళ్లను అడిగితే, ఎక్కువమందికి ఆ కబురు అప్పుడప్పుడూ కలిసేవాళ్ల నుంచే వచ్చిందని తేలింది. మన దగ్గరివాళ్లకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి, దూరపు పరిచయస్తులు మనకు తెలియని చోట్ల తిరుగుతారు. ఇల్లు, డాక్టరు, ఉద్యోగం, ఏ కబురైనా అంతే. అందుకే తెలుగువాళ్ల గ్రూపు ఒకటి ఉంచుకోండి, మనసు విప్పి మాట్లాడటానికి అది కావాలి. దానితోపాటు తెలుగు వినపడని గ్రూపు ఇంకొకటి తప్పనిసరిగా పెట్టుకోండి.

జవాబు: ఆడటం రానివాళ్ల కోసం

ఈ చర్చ చదివేవాళ్లలో ఆటలు రానివాళ్లూ ఉంటారు కాబట్టి రాస్తున్నాను. క్రికెట్ క్లబ్బులో స్కోరర్ కావడం, అంటే పరుగుల లెక్క రాయడం, అందరూ వదిలేసే మంచి అవకాశం. ఆట నియమావళిలో 3వ నియమం ప్రకారం స్కోరర్లు ఇద్దరుండాలి, ఇద్దరి లెక్కా సరిపోతోందో లేదో తరచూ చూసుకుంటూ ఉండాలి. అంటే మ్యాచ్ అంతా ఎదుటి జట్టు మనిషి పక్కనే కూర్చుని, ఓవర్ ఓవర్‌కీ మాట్లాడక తప్పదు. నేర్చుకోవలసింది స్కోరు పుస్తకం నింపే తీరు, అంపైర్ సైగలు, సైగ అందిందని చేయెత్తి చూపడం. మూడు నాలుగు మ్యాచ్‌లలో చేయి తిరుగుతుంది. స్కోరర్ లేక ఇబ్బందిపడని జట్టు అరుదు, కాబట్టి మీరు వెతకనక్కర్లేదు, వాళ్లే ఫోన్ చేస్తారు.

వారం వారం పార్కులో అందరూ కలిసి పరుగెత్తే పార్క్‌రన్ మీ ఊళ్లో ఉందేమో చూడండి. 2004 అక్టోబరు 2న లండన్ బుషీ పార్కులో 13 మంది పరుగెత్తారు, ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. ఐదు కిలోమీటర్లు, రుసుము లేదు, నడిచినా సరే. అందరికంటే వెనక నడవడానికే ఒక వాలంటీరు ఉంటారు కాబట్టి మీరు చివర మిగిలిపోయే ప్రశ్నే రాదు. ఒకసారి నమోదు చేసుకుంటే బార్‌కోడ్ ఇస్తారు, అది లేకుండా వెళ్తే మీ సమయం నమోదు కాదు. పరుగెత్తడం కంటే వాలంటీరుగా బార్‌కోడ్ స్కాన్ చేయడం మేలు. అక్కడికి వచ్చిన ప్రతి మనిషీ మీ ముందుకే వచ్చి నిలబడతారు.

ఒక జాగ్రత్త. ఎక్కడైనా వాలంటీరుగా చేరేముందు మీ వీసా షరతులు చదువుకోండి. సాధారణంగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా కొన్ని వీసాల్లో అది ఉద్యోగం కిందికే వస్తుంది.

జవాబు: కుక్క గురించి

కుక్క వల్ల మనుషులు పరిచయమవుతారన్నది నిజమేనండీ. కానీ పరిచయాల కోసం కుక్కను తెచ్చుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. మీకు స్నేహితులు దొరికాక కూడా అది పది పన్నెండేళ్లు బతుకుతుంది. ఉద్యోగం మారినా, వీసా తెగినా, దాని దిక్కు మీరే.

ముందు అద్దె ఒప్పందం చదవండి. పెంపుడు జంతువుల నిబంధన అందులో లేకపోతే, యజమాని నోటిమాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత మీ రోజు లెక్కేయండి. ఎదిగిన కుక్కనైనా ఒక్క దఫాలో నాలుగు గంటలకు మించి ఒంటరిగా వదలకూడదంటారు. మూడు నెలల కుక్కపిల్లైతే మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. మీరు ఆఫీసుకు వెళ్లి వచ్చేసరికి పది గంటలు. ఒంటరిగా మిగిలిన కుక్క అరుస్తుంది, తలుపులు గీకుతుంది, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు. పరిచయాలు పెరగాల్సింది పోయి గొడవలు మొదలవుతాయి.

దానికి బదులు ఇతరుల కుక్కలతో మొదలుపెట్టండి. జంతు సంరక్షణ కేంద్రాల్లో కుక్కల్ని నడిపించేవాళ్లు ఎప్పుడూ కావాలి. ముందు కొంత శిక్షణ ఇస్తారు, వారానికి ఒక పూట చాలంటారు. ఊరికి వెళ్లే పొరుగువాళ్ల కుక్కను రెండు రోజులు చూసిపెట్టడం ఇంకో దారి. ఇందులో ఉన్న గొప్ప సంగతేమిటంటే, తాళంచెవి ఇచ్చారంటే మిమ్మల్ని నమ్మారన్నమాట. అంతకంటే దగ్గరి దారి పొరుగింటికి లేదు.

నడకకు రోజూ ఒకే సమయం, ఒకే దారి పెట్టుకోండి. కుక్కలున్నవాళ్లు గడియారం ప్రకారం తిరుగుతారు, రెండు వారాల్లో అవే ముఖాలు కనిపిస్తాయి. ఎదురైన కుక్కను ముట్టుకునేముందు యజమానిని అడగండి. లీష్‌కు, అంటే దాన్ని పట్టుకునే తాడుకు, పసుపు రిబ్బన్ ఉంటే దూరం ఉంచమని అర్థం, అడగనే వద్దు. సరేనన్నాక పక్కకు తిరిగి నిలబడి, దాన్నే వచ్చి వాసన చూడనివ్వండి. చేయి తల మీదుగా తేవద్దు, దానికి అది దాడిలా తోస్తుంది. ఛాతీ వైపు నిమరండి. యజమాని పేరు తర్వాత అడగొచ్చు, ముందు కుక్క పేరు అడగండి, దాని వయసు అడగండి. ఎంత ముభావంగా ఉండే మనిషైనా ఈ రెండింటికీ జవాబు చెప్తారు. అడగకుండా తిండి మాత్రం పెట్టకండి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్, ఇవన్నీ కుక్కలకు విషం.

ఆరు నెలలు ఇలా చేశాక కూడా కావాలనిపిస్తే, తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకుని చూసే పద్ధతిలో ఒకదాన్ని తీసుకోండి. సంరక్షణ కేంద్రం నుంచి వచ్చిన కుక్క బెదురు తీరడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి పట్టడానికి మూడు వారాలు, తన ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు అని అనుభవజ్ఞుల లెక్క. మొదటి మూడు రోజులు చూడ్డానికి ఎవర్నీ పిలవకండి. కుక్క చర్మం కింద గుర్తింపు కోసం పెట్టే మైక్రోచిప్‌లోని 15 అంకెలు ఒక్కటే ఉంటే సరిపోదు, ఆ నంబరు ఎదురుగా డేటాబేస్‌లో మీ ఫోన్ నంబరు మార్పించండి. పాత యజమాని నంబరే మిగిలిపోవడం వల్ల దొరికిన కుక్కలు కూడా ఇంటికి చేరవు.

పిల్లి సంగతి వేరు. అది వీధిలో మనుషుల్ని కలపదు, ఇంట్లో మాత్రం తోడు. లిల్లీ పూలు గదిలో ఉంచకండి, వాటి పుప్పొడి కూడా పిల్లి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా ధన్యవాదాలు. కుక్క ఆలోచన పక్కన పెట్టాను, షటిల్‌కు ఈ గురువారం వెళ్తున్నాను. పరుగెత్తే బూట్లు ఉన్నాయి, అవి చాలా? కాక్‌లు నేనే కొనాలా?

జవాబు: షటిల్ గ్రూపు చూసుకునేవారు

చాలవు తమ్ముడూ. పరుగు బూట్ల మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. ముందుకు పరుగెత్తడానికే తప్ప పక్కకు దూకడానికి కాదు, చీలమండ మడతపడుతుంది. నేల మీద మరక పెట్టని రబ్బరు అడుగుభాగం ఉన్న ఇండోర్ కోర్టు బూట్లు తీసుకో. కొన్ని హాళ్లలో నల్ల అడుగు బూట్లతో లోపలికే రానివ్వరు. వాటిని చేత పట్టుకెళ్లి అక్కడే వేసుకో, బయటి ఇసుక అంటితే పట్టు జారుతుంది.

కాక్‌లు మొదటి వారం కొనకు. ఈకలవో నైలాన్‌వో ముందు అడుగు. నైలాన్ అయితే కార్క్ చుట్టూ పట్టీ రంగు చూడు. ఆకుపచ్చ నిదానం, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. చలిగా ఉండే హాల్లో గాలి చిక్కగా ఉండి కాక్ వెనకబడుతుంది కాబట్టి ఎరుపు వాడతారు. రెండో వారం వెళ్లేటప్పుడు వాళ్లు వాడే రంగుదే ఒక డబ్బా పట్టుకెళ్లు. గురువారం పది నిమిషాలు ముందే చేరు, నెట్ కట్టేటప్పుడు ఇంకో చేయి ఎప్పుడూ కావాలి.