ఉగాది సామాను క్వీన్స్ మార్కెట్ నుంచే: వాలంటీర్లకు

సమన్వయం, 2026 ఫిబ్రవరి 22, ఆదివారం

అందరికీ నమస్కారం. ఈసారి ఉగాది మార్చి 19, గురువారం వచ్చింది. ఆ రోజు ఎవరిళ్లలో వాళ్లు పచ్చడి చేసుకుంటాం. మన తెలుగు సంఘం వేడుక 21, శనివారం సాయంత్రం తూర్పు లండన్లో, ఈస్ట్ హామ్ హాల్లో అనుకున్నాం.

ఈ ఏడాది ఒక్క మార్పు అడుగుతున్నాను. వంట సామానంతా ఒకే చోట ఆర్డరిచ్చి వ్యానులో తెప్పించుకోవద్దు. అప్టన్ పార్క్ స్టేషన్ పక్కనున్న క్వీన్స్ మార్కెట్లో స్టాలు స్టాలూ తిరిగి మనమే కొందాం. శనివారం పొద్దున పిల్లాపాపలతో, సంచులతో అక్కడ కలుద్దాం. ఈ మార్కెట్ మనకు ఎందుకు కావాలో ఇంటికొక చీటీ రాసి తెద్దాం.

నేను 2007లో స్టూడెంటుగా వచ్చాను. ఒక ఇంట్లో ఏడుగురం. శనివారం సాయంత్రం స్టాళ్లు సర్దేసే వేళకు క్వీన్స్ మార్కెట్‌కి వెళ్లేవాళ్లం. గిన్నెల్లో పోసిన బెండకాయలు, వంకాయలు, పచ్చిమిరపకాయలు. గిన్నె ఒక పౌండు. స్టాలాయన గిన్నె ఎత్తి పల్చటి నీలం సంచిలో ఒక్క దులుపు దులిపేవాడు. నేను బెండకాయ కొస విరిచి చూస్తుంటే మొదటిసారి కసురుకున్నాడు. మూడో వారానికి తనే ఒకటి తీసి నా చెవి దగ్గర టక్కుమనిపించి సంచిలో వేశాడు. విజయవాడ వన్ టౌన్లో కాళేశ్వరరావు మార్కెట్‌కి మా నాన్న వెంట వెళ్లిన దాన్ని. లండన్ వచ్చాక ఊరు గుర్తొచ్చి ఏడవకుండా ఉన్న మొదటి శనివారం అదే.

కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. ఇది వందేళ్లు దాటిన మార్కెట్. ఇప్పుడున్న కట్టడం 1960లలోది, నడిపేది ఇక్కడి స్థానిక పాలక సంస్థ న్యూహామ్ కౌన్సిల్. కూల్చి కొత్తగా కడతారన్న మాట వచ్చినప్పుడు, 2003లో, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలిసి ‘ఫ్రెండ్స్ ఆఫ్ క్వీన్స్ మార్కెట్’ అని ఒక గుంపుగా ఏర్పడ్డారు. మొదటి ప్లాన్లో ఆస్డా సూపర్ మార్కెట్ ఉండేది. 2006లో ఆస్డా తప్పుకుంది. బిల్డరు సెయింట్ మోడ్వెన్ మాత్రం వదల్లేదు. 31 అంతస్తుల టవరు, 350 ఫ్లాట్లు అంటూ మళ్లీ వచ్చింది. 2009లో అప్పటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్ దాన్ని తిరస్కరించమని ఆదేశించాక గానీ ఆగలేదు. ఆ ఆరేళ్లూ వాన అనక, చలి అనక టేబుల్ వేసుకుని సంతకాలు సేకరించింది అక్కడ కూరలు కొనుక్కునే మామూలు మనుషులు. నేనూ ఒక సంతకం పెట్టి, సంచి తీసుకుని ఇంటికొచ్చేశాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

ఆగిపోయింది కదా, ఇప్పుడెందుకు అంటారేమో. స్టేషన్ ఆనుకుని ఉన్న అంత స్థలం లండన్లో ఖాళీగా కనిపిస్తే ఎవరి కన్నైనా పడుతుంది. మార్కెట్ ఉన్న గ్రీన్ స్ట్రీట్‌లోనే నడుచుకుంటూ పోతే వెస్ట్ హామ్ వాళ్ల పాత ఫుట్‌బాల్ మైదానం ఉండేది. 2016లో టీమ్ వెళ్లిపోయింది, ఇప్పుడు అక్కడన్నీ ఫ్లాట్లే. నోటీసు అంటించాక పరిగెత్తడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నోటీసేదీ లేనప్పుడే, మేమంతా ఇక్కడే కొంటాం అని రాసి పెట్టుకోవాలి.

వచ్చేవాళ్లు ఇక్కడే చెప్పండి. వంట, లెక్కలు, పిల్లల బృందాలు మీమీ ఇబ్బందులు రాయండి.


యువత, ఫిబ్రవరి 22

అక్కా, ఐడియా బాగుంది. చీటీలెందుకు, ఆన్‌లైన్ పిటిషన్ పెట్టేస్తే ఒక్క రాత్రిలో వెయ్యి సంతకాలు తెస్తాం. హైదరాబాదులో ఉన్న మా ఫ్రెండ్స్ కూడా పెడతారు.


సమన్వయం, ఫిబ్రవరి 22

తమ్ముడూ, నీ ఉత్సాహం నాకు కావాలి. కానీ హైదరాబాదులో ఉన్నవాళ్ల సంతకం వద్దు. రేపు ఎవరైనా లెక్క తీసి, ఇందులో సగంమంది ఈ మార్కెట్ మొహం చూడలేదు అంటే మిగతా సగం విలువా పోతుంది. ప్లాన్ల మీద అభ్యంతరం పెట్టేటప్పుడు కూడా ఒకే మాట వందమంది కాపీ చేసి పంపడం కంటే, పదిమంది తమ సంగతి తాము రాస్తే ఆ ఉత్తరాలను చదువుతారు.

అందుకే చీటీ. అందులో మూడే సంగతులు. ఇక్కడ ఏం కొంటారు, ఇంట్లో ఎంతమంది తింటారు, ఇది లేకపోతే ఎక్కడికి వెళ్లాలి. 2006లో న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఇక్కడ ధరలు లెక్కగట్టారు. అవే సరుకులు దగ్గర్లోని ఆస్డాలో కంటే ఇక్కడ సగటున 53 శాతం చవక అని తేలింది. అదే వైశాల్యంలో సూపర్ మార్కెట్ ఇచ్చే ఉద్యోగాలకు ఇక్కడ రెట్టింపు ఉన్నాయని కూడా రాశారు. ఇరవై ఏళ్ల కిందటి లెక్క అది. ఇవాళ్టి లెక్క మన ఇళ్లలో ఉంది. ధరలు పోల్చే పని యువత తీసుకోండి. పది రకాలు, రెండు చోట్ల, ఒకే రోజు, తూకం వేసి. గిన్నెలో ఎన్ని గ్రాములు పట్టాయో ఇంటికొచ్చి కాటా మీద చూడాలి. గిన్నెకీ కిలోకీ పోలిక పెట్టి తప్పు లెక్క రాయొద్దు.


లెక్కలు, ఫిబ్రవరి 23

నాకో ఇబ్బంది ఉందమ్మా. స్టాళ్లలో బిల్లు ఇవ్వరు. సంఘం డబ్బుతో మూడు నాలుగు వందల పౌండ్ల సామాను నగదుతో కొని, కాగితం లేదంటే ఏడాది చివర ఆడిట్‌లో నేను ఏం చూపించను? పోయినసారి ఇంకో పండక్కి పూలు ఇలాగే కొని, ఎవరి జేబులోంచి ఎంత పోయిందో తేలక రెండు నెలలు అందరూ మాటా మాటా అనుకున్నాం.


సమన్వయం, ఫిబ్రవరి 23

బాబాయ్ గారూ, మీరన్నది నిజం. వోచరు పుస్తకం పెడదాం. కొన్న చోటే తేదీ, సరుకు, మొత్తం రాసి, కొన్నవాళ్లు ఒకరు, పక్కనున్నవాళ్లు ఒకరు సంతకం చేస్తారు. ఒక్కొక్క జంటకు 60 పౌండ్లకు మించి ఇవ్వొద్దు. చాలా స్టాళ్లలో ఇప్పుడు కార్డు మెషిన్లున్నాయి, ఉన్నచోట సంఘం కార్డే వాడదాం. సరేనా?


లెక్కలు, ఫిబ్రవరి 23

సరే. పుస్తకం నేనే తెస్తాను.


కడప అన్న, ఫిబ్రవరి 24

అందరికీ సలాం, నమస్తే. రోజాలో ఉన్నాను, సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక చదివాను, అందుకే ఆలస్యం.

21 మార్చాలమ్మా. ఈద్ ఈసారి 20న గానీ 21న గానీ పడుతుంది, నెలవంకను బట్టి. గ్రీన్ స్ట్రీట్ ఆ రెండు రోజులూ ఎట్లుంటుందో మీరు చూసే ఉంటారు. ముందు రాత్రి చీరలు, గాజులు, మెహందీ, మిఠాయి జనంతో ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే చోటుండదు. ఈద్ పొద్దున సగం స్టాళ్లు తెరవరు. మనకు కూరలమ్మే మనిషి, చికెన్ కొట్టే మనిషి, గుడ్డలమ్మే మనిషి అందరూ నమాజుకు పోయి పిల్లల్తో ఉంటారు. ఎవరి కోసమైతే మనం చీటీలు రాస్తున్నామో వాళ్లే లేని రోజు పోయి ఏం చేస్తాం? మా ఇంట్లో కూడా పండగే. నేను వంటకు రాలేను.


సమన్వయం, ఫిబ్రవరి 24

అన్నా, ఇది నాకే తట్టాల్సింది. పంచాంగం చూశాను కానీ మార్కెట్ మనుషుల పండగ చూడలేదు. క్షమించండి. హాలు వాళ్లను ఈ రాత్రే అడుగుతాను.


సమన్వయం, ఫిబ్రవరి 26

తేదీ మారింది. మార్చి 28, శనివారం. హాలు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 9 దాకా మనది. నిర్ధారణ కాగితం మీద వచ్చింది, నోటి మాట కాదు. అదే వారంలో శ్రీరామనవమి కూడా ఉంది కాబట్టి పానకం, వడపప్పు కలుపుదాం. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ రాత్రే ఇక్కడ వేసవి సమయం మొదలై గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. ఆదివారం పొద్దున పాత్రలు తిరిగి ఇచ్చేవాళ్లు నిద్ర లెక్కలో పొరపాటు పడొద్దు.

మార్కెట్ ఉండేది మంగళ, గురు, శుక్ర, శనివారాలు. దాన్ని బట్టి కొనుగోళ్లు. గుమ్మడికాయ, కొబ్బరికాయలు, బంగాళదుంపలు, ఉల్లిపాయలు 26 గురువారం. బెండకాయ, వంకాయ, కొత్తిమీర, పుదీనా, కరివేపాకు 27 శుక్రవారం పొద్దున. శనివారం పొద్దున 10కి కుటుంబాలతో వెళ్లేది పచ్చడి కోసం, మన వారం కూరల కోసం. పచ్చడిలోకి మామిడికాయ ఒకరు, పచ్చిమిర్చి ఒకరు, చింతపండు ఒకరు, బెల్లం ఒకరు, ఉప్పు ఒకరు కొని హాలుకు తేవాలి. వేపపువ్వు మాత్రం ఇక్కడ దొరకదు. ఎండబెట్టింది ఇండియా నుంచి ఎవరి దగ్గరుందో చెప్పండి.


వంట, ఫిబ్రవరి 27

వేపపువ్వు మా డబ్బాలో ఉంది, రెండు గుప్పెళ్లు. నూట యాభైమందికి చాలు.

పులిహోర, బొబ్బట్లు, గుత్తి వంకాయ, బెండకాయ వేపుడు, పప్పు, పెరుగన్నం. ప్రతి గిన్నె ముందు అలర్జీ కాగితం నేనే రాస్తాను. పులిహోరలో వేరుశనగ, ఆవాలు రెండూ ఇక్కడి 14 అలర్జీ పదార్థాల లిస్టులో ఉన్నాయి. బొబ్బట్లలో గోధుమ, నెయ్యి. మన వంటే కదా అని వదిలేయొద్దు, అతిథులుగా మార్కెట్ వాళ్లు కూడా వస్తారు కదా?


సమన్వయం, ఫిబ్రవరి 27

వస్తారనే ఆశ. ఈ శనివారం నేనూ, కడప అన్నా వెళ్లి స్టాళ్లవాళ్లను స్వయంగా పిలుస్తాం. సాయంత్రం 7 తరువాత, వాళ్లు కొట్లు కట్టేశాక రమ్మంటాం. వాళ్లకు విస్తళ్లు ముందే తీసి పెట్టండి.


పిల్లల కార్యక్రమాలు, మార్చి 1

పిల్లలకు ఒక కాగితం తయారు చేశాను. ఒక్కో కూర బొమ్మ వేసి, పక్కన తెలుగు పేరు రాసి, మిగతా గళ్లు ఖాళీగా వదిలాను. స్టాలు దగ్గరికి వెళ్లి ‘మీరు దీన్ని ఏమంటారు’ అని అడిగి రాయాలి. బెండకాయని ఒకరు భిండీ అంటారు, బెంగాలీవాళ్లు ఢ్యారొష్ అంటారు, నైజీరియావాళ్లు ఓక్రో అంటారు. అరటికాయల దగ్గర మాత్రం పెద్దవాళ్లు పక్కనుండాలి. మన కూర అరటికాయా, ఆఫ్రికావాళ్ల ప్లాంటెయినూ పక్కపక్కనే ఉంటాయి, మా అబ్బాయి పోయినసారి ప్లాంటెయిన్ తెచ్చాడు, బజ్జీలు తియ్యగా వచ్చాయి.

ఫోటోల సంగతి ఏంటి?


సమన్వయం, మార్చి 1

అడగకుండా ఎవరి ముఖమూ తీయొద్దు. బేరాల వేళ స్టాలుకు అడ్డంగా నిలబడొద్దు. పదేసిమంది గుంపుగా ఒకే స్టాలు మీద పడొద్దు, నలుగురు నలుగురుగా విడిపోండి. మార్కెట్ లోపల టేబుల్ గానీ బ్యానర్ గానీ పెట్టం, దానికి కౌన్సిల్ అనుమతి కావాలి. చీటీల పెట్టె హాల్లోనే ఉంటుంది. చీటీ మీద పేరు, పోస్ట్‌కోడ్ ఉంటాయి కాబట్టి దాన్ని ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు. పెట్టె తాళం లెక్కల బాబాయ్ గారి దగ్గర.

ఇంకో ముఖ్యమైన సంగతి. మే 7న కౌన్సిల్ ఎన్నికలు, న్యూహామ్ మేయర్ ఎన్నిక కూడా. మార్కెట్ పేరు వినగానే అభ్యర్థులు మన స్టేజి అడుగుతారు. మనది చారిటీ. మార్కెట్ గురించి మాట్లాడే హక్కు ఉంది, పార్టీ తరఫున మాట్లాడే హక్కు లేదు. ఏ పార్టీ వారైనా వచ్చి భోజనం చేయొచ్చు, మైకు మాత్రం ఇవ్వం. నాకు బాగా దగ్గరివాళ్లు అడిగినా ఇదే జవాబు. ఒక్క మాట మాత్రం స్టేజి మీద చెబుదాం. ఇండియా పాస్‌పోర్టు ఉన్నా, స్టూడెంటు వీసా మీద ఉన్నా, కామన్వెల్త్ పౌరులుగా మనకు ఇక్కడ ఓటుంది. పేరు నమోదుకు ఆఖరు తేదీ ఏప్రిల్ 20. ఇది చాలామంది పిల్లలకు తెలియదు.

ఫ్రెండ్స్ ఆఫ్ క్వీన్స్ మార్కెట్ పేరు మన పోస్టర్ మీద వేయొద్దు. వాళ్లు ఇరవై ఏళ్లకు పైగా మోసిన పని అది. చీటీలు ఎలా ఇస్తే పనికొస్తాయో వాళ్లనే అడిగి, అలా ఇద్దాం.


యువత, మార్చి 8

ధరల పని మొదలైంది అక్కా. నిన్న ఐదు రకాలు తూచాం. అన్నిటిలోనూ మార్కెట్ చవక కాదు. బంగాళదుంప, ఉల్లిపాయ సూపర్ మార్కెట్లోనే తక్కువకు దొరికాయి. అది రాయాలా?


సమన్వయం, మార్చి 8

రాయాలి. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే బెండకాయ, కొత్తిమీర లెక్క నమ్ముతారు. మార్కెట్లో బాగోలేనివీ రాయండి. వెలుతురు చాలదు, నేల కడగరు అనిపిస్తే అదీ రాయండి. మనం అడిగేది మరమ్మతు చేయమని, కూల్చొద్దని.


వంట, మార్చి 14

మా అత్తగారు నరసరావుపేట నుంచి వచ్చి ఉన్నారు. చీటీ సంగతి చెబితే తనూ రాయిస్తానన్నారు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను:

‘నాకు ఇంగిలీషు రాదు. పెద్ద షాపులో అన్నీ ప్లాస్టిక్ కట్టేసి ఉంటయ్, ముట్టుకోనియ్యరు, ఎవరితో మాట్లాడే పని లేదు. ఇక్కడ వేలు చూపిస్తే ఇస్తారు. రెండు వేళ్లు చూపిస్తే రెండు గిన్నెలు. కోడలు ఆఫీసుకెళ్లాక నేను ఒక్కదాన్నే వెళ్లి వచ్చేది ఈ ఒక్క చోటికే. ఇంట్లో ఐదుగురం.’

దీన్ని ఇంగ్లీషులో రాసి పెట్టెలో వేయనా?


సమన్వయం, మార్చి 14

తెలుగులోనే ఉంచక్కా. ఇంగ్లీషు వెనకవైపు రాద్దాం. అత్తగారి సంతకం కూడా తెలుగులోనే పెట్టించండి.

28న పొద్దున 10కి అప్టన్ పార్క్ స్టేషన్ బయట, గ్రీన్ స్ట్రీట్ వైపు. చక్రాల సంచులున్నవాళ్లు తెచ్చుకోండి. చిల్లర తెచ్చుకోండి. శుక్రవారం బెండకాయలకు ఇంకా ఇద్దరు కావాలి.