ఎస్‌ఎస్‌డీ హెల్త్ 91 శాతానికి వచ్చింది, మార్చేయాలా?

ప్రశ్న: 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కొని మూడేళ్లయింది. డ్రైవ్ పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో హెల్త్ 91 శాతం, ఇప్పటిదాకా రాసిన డేటా 54 టీబీ అని చూపిస్తోంది. వీడియో ఎడిటింగ్ పని కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఎస్‌ఎస్‌డీ మీద రాతలు తగ్గాలంటే పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడే ఫైల్), బ్రౌజర్ క్యాష్ హార్డ్ డిస్క్‌లోకి మార్చుకోమని ఒకరు సలహా ఇచ్చారు. నిజంగా పనికొస్తుందా?

జవాబు: మార్చక్కర్లేదండి. పేజ్‌ఫైల్ జోలికీ వెళ్లకండి, ఉన్న స్పీడ్ పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఈ సైజు డ్రైవ్‌లు చాలావాటికి కంపెనీ ఇచ్చే టీబీడబ్ల్యూ, అంటే మొత్తం ఎన్ని టీబీలు రాయొచ్చో చెప్పే రేటింగ్, 600. మీరు వాడింది అందులో తొమ్మిదో వంతు కూడా కాదు, తొమ్మిది శాతం. ఇదే వాడకమైతే మిగతాది అరగడానికి ఇంకో ముప్పై ఏళ్లు పడుతుంది. ఆ 600 కూడా వారంటీ కోసం పెట్టిన హద్దే. టెక్ రిపోర్ట్ అనే సైట్ వాళ్లు 2013లో 240–256 జీబీ డ్రైవ్‌లు ఆరింటి మీద ఆపకుండా రాస్తూ పోయారు. ఆరూ 700 టీబీ దాటాయి. శాంసంగ్ 840 ప్రో అయితే 2,400 టీబీ దాటాక గానీ పోలేదు.

మీరు భయపడాల్సింది వేరే. హెల్త్ శాతం చెప్పేది అరుగుదల ఒక్కటే. మనం వాడే ఎస్‌ఎస్‌డీలు అరిగిపోయి పోవడం అరుదు, పోతే ఉన్నట్టుండి పోతాయి. నిన్న 98 శాతం చూపించిందే ఇవాళ బయోస్‌లో కనిపించదు. డ్రైవ్‌ను నడిపే చిప్ (కంట్రోలర్) కాలిపోవచ్చు, ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) తప్పు కావచ్చు. ఏ ఫైల్ డేటా దాచే ఏ సెల్స్‌లో ఉందో చెప్పే మ్యాపింగ్ టేబుల్ చెడిపోతే సెల్స్ అన్నీ బాగున్నా డేటా దొరకదు. క్రూషియల్ ఎం4 అనే ఎస్‌ఎస్‌డీలో సుమారు 5,184 గంటలు నడిచాక హ్యాంగయ్యే బగ్ ఉండేది, 2012లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేశారు. అరుగుదలకూ దానికీ సంబంధమే లేదు. కాబట్టి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూసుకోండి, ప్రాజెక్ట్ ఫైల్స్ కాపీ ఇంకో డ్రైవ్‌లో ఉంచండి.

ఇంకొకరు: అన్నీ 600 అనుకోకండి. ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కే చవక క్యూఎల్‌సీ డ్రైవ్‌లకు బాగా తక్కువ. క్రూషియల్ పీ3 1 టీబీకి 220 మాత్రమే. ముందు మీ మోడల్ డేటాషీట్ చూడండి.

ప్రశ్న వేసినవారు: చూశాను, నాది 600దే. పాత ప్రాజెక్టులు ఇంకో ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసి బీరువాలో పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు: ఏళ్ల తరబడి ముట్టుకోకుండా దాచడానికి హార్డ్ డిస్కే నయం. ఫ్లాష్ సెల్స్‌లోని చార్జ్ కరెంటు లేకపోతే మెల్లగా కారిపోతుంది. రేటింగ్ అంతా వాడేసిన డ్రైవ్ కూడా, 30 డిగ్రీల వేడిలో, కరెంటు లేకుండా ఏడాది పాటు డేటా నిలపాలన్నది చిప్ పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ నియమం. కొత్తది ఇంకా ఎక్కువే నిలుపుతుంది, కానీ వేడి పెరిగే కొద్దీ ఆ గడువు తగ్గుతుంది.

ప్రశ్న వేసినవారు: మరి హెల్త్ శాతం కాకపోతే దేన్ని చూడమంటారు?

జవాబు: క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలోనే ‘అవైలబుల్ స్పేర్’ (చెడిపోయిన సెల్స్ బదులు వాడే అదనపు సెల్స్ ఎంత శాతం మిగిలాయో), ‘మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్’ (డేటా సరిగ్గా చదవలేక వచ్చిన తప్పుల లెక్క) అని రెండు వరుసలుంటాయి. మొదటిది 100 నుంచి దిగడం మొదలైనా, రెండోది సున్నా కాకపోయినా వెంటనే అంతా కాపీ చేసుకుని వారంటీకి పంపండి. అవి మామూలుగానే ఉన్నా బ్యాకప్ మాత్రం మానకండి, ఫర్మ్‌వేర్ దెబ్బ వాటిలో ముందే కనిపించకపోవచ్చు.