కోబ్రా గడువు జూన్‌తో సరి: ఇప్పుడే మానేయాలా, చివరిదాకా కట్టాలా?

మల్లెపందిరి: మేం ఉండేది డాలస్ దగ్గర. మావారి ఉద్యోగం పోయాక పాత కంపెనీ బీమానే కోబ్రా (ఉద్యోగం పోయినా సొంత ఖర్చుతో ఆ బీమా కొనసాగించుకోనిచ్చే అమెరికా చట్టం) కింద కొనసాగిస్తున్నాం. 18 నెలల గడువు జూన్ 30తో తీరిపోతుంది. ఆయన ఇప్పటి కాంట్రాక్టు పనిలో బీమా లేదు. నాకు రుమటాయిడ్ కీళ్లవాతం. నరానికి సూది పెట్టి గంటల తరబడి ఎక్కించే మందు మీద ఉన్నాను. తర్వాత ఏ బీమా తీసుకోవాలి, ఎప్పుడు?

కృష్ణాతీరం: ముందు ఆ కోబ్రా మానేయండమ్మా. కంపెనీ వాటా కూడా మీ నెత్తినే పడి, పైన రెండు శాతం అదనం. మే, జూన్ ప్రీమియాలైనా మిగుల్చుకోండి. బీమా పోయాక మార్కెట్‌ప్లేస్‌లో (ఎవరికి వారు బీమా కొనుక్కునే ప్రభుత్వ వేదికలో) చేరడానికి 60 రోజుల వ్యవధి ఉండనే ఉంది.

వేపచెట్టు: మల్లెపందిరి గారూ, దయచేసి ఆ పని చేయకండి. గడువు దానంతట అది తీరితేనే ఆ 60 రోజులు. మనంతట మనం మానేసినా, డబ్బు కట్టక రద్దయినా ఆ వెసులుబాటు రాదు. నవంబరు 1న మొదలయ్యే వార్షిక నమోదు దాకా ఆగాలి, బీమా అమలు జనవరి నుంచే. గడువుకు ముందు 60 రోజుల్లోనూ దరఖాస్తు పెట్టవచ్చు. జూన్‌లోపే ప్లాన్ ఎంచుకుంటే జులై 1 నుంచి మొదలవుతుంది.

పాతకాపు: మీకు ఉద్యోగం ఉంటే మీ కంపెనీ బీమాలో చేరవచ్చు. కోబ్రా తీరిన 30 రోజుల్లో అడగాలి.

మల్లెపందిరి: నాకు ఉద్యోగం లేదండీ.

కృష్ణాతీరం: 60 రోజులు ఉన్నాయని నేనంటే, 60 రోజులు ఉన్నాయని మీరూ అంటున్నారు. మరి తప్పెక్కడ? ఇన్నేళ్లూ ప్రీమియాలు కట్టాను. జ్వరం మాత్ర తప్ప ఏమీ వాడలేదు.

వేపచెట్టు: తప్పు ఎక్కడంటే, మీరు చెప్పినట్టు చేస్తే మే నుంచి డిసెంబరు దాకా ఆమెకు బీమా ఉండదు. మీకు జ్వరం మాత్ర సరిపోయింది, ఆమెకు సరిపోదు. చవకని స్వల్పకాలిక పాలసీలకూ వెళ్లకండి, పాత జబ్బును పక్కన పెట్టేస్తారు. మార్కెట్‌ప్లేస్ ప్లాన్లు 2014 నుంచి అలా చేయడానికి వీల్లేదు. కానీ మీ డాక్టరు, మందు ఎక్కించే కేంద్రం ఆ ప్లాన్ నెట్‌వర్క్‌లో (ప్లాన్‌తో ఒప్పందం ఉన్నవాళ్ల జాబితాలో) ఉన్నాయా అని విడివిడిగా అడగండి. డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు మనం భరించాల్సిన మొత్తం) మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మందుకు బీమా సంస్థ అనుమతీ కొత్తగా తెచ్చుకోవాలి.

తుంగభద్ర: టెక్సస్ చట్టంలో కోబ్రా తర్వాత మరో ఆరు నెలల పొడిగింపు ఉంది. కంపెనీ ఆ పాలసీని బీమా సంస్థ నుంచి కొని ఉంటేనే. క్లెయిములు కంపెనీయే సొంతంగా భరిస్తుంటే వర్తించదు.

కృష్ణాతీరం: ఇన్ని చిక్కులు పడే బదులు హైదరాబాద్ వెళ్లి వైద్యం చేయించుకోవచ్చు కదా!

వేపచెట్టు: కొన్ని వారాలకోసారి ఎక్కించే మందు కోసం ప్రతిసారీ విమానం ఎక్కమంటారా? మీ ఇంట్లో వాళ్లకైతే ఇదే సలహా ఇస్తారా?

కృష్ణాతీరం: మా ఇంటి సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. విజయవాడలో మా అమ్మకు గుండె ఆపరేషన్ అన్నప్పుడు నా చేతిలో డబ్బు లేదు. నెలనెలా ఇక్కడ ప్రీమియానికే పోయింది. మా తమ్ముడు పొలం తాకట్టు పెట్టాడు. ఇక్కడ వాడని బీమాకు పోసిన డబ్బు అక్కడ అమ్మకు అక్కరకు రాలేదు. ఆ బాధ మీకు తెలియదు.

వేపచెట్టు: అమ్మ విషయం విని మనసు కష్టంగా ఉందండీ. కానీ ఆ కోపాన్ని ఈమె వైద్యం మీద చూపకండి. మా వారికి బీమా లేని వ్యవధిలోనే పక్షవాతం వచ్చింది. ఆ బిల్లులు ఇప్పటికీ వాయిదాల్లో కడుతున్నాం. ఊరికి పంపే డబ్బు ముందా, ఇక్కడి బీమా ముందా అన్నది ఏ ఇంటికి ఆ ఇల్లే తేల్చుకోవాలి. ఆమె అడిగింది అది కాదు.

కృష్ణాతీరం: ముందుగా తేల్చుకోవలసింది అదేనని నేనంటాను.

మల్లెపందిరి: పాత కంపెనీని అడిగాం. క్లెయిములు వాళ్లే భరిస్తారట, పొడిగింపు లేదు. జూన్ దాకా కడుతున్నాం. మా కౌంటీ ప్లాన్లలో రెండింటిని మా డాక్టరు తీసుకుంటారు, మందు ఎక్కించే కేంద్రం మాత్రం ఒక్కదాన్నే. దానికే దరఖాస్తు పెట్టాను. కొత్త ప్లాన్‌లో ఇలాంటి మందుకు అనుమతి ఎన్నాళ్లలో వచ్చిందో, ఎవరైనా తెచ్చుకున్నవాళ్లు చెప్పగలరా?