టీమ్ వాళ్లు చెప్పేది పూర్తిగా వినడం ఎలా అలవాటు చేసుకోవాలి?

అందరికీ నమస్కారం. నేను టీమ్ లీడ్ అయి 8 నెలలైంది. పోయిన వారం మా టీమ్‌లో ఒకమ్మాయి రాజీనామా ఇచ్చింది. కారణం అడిగితే, "పని ఎక్కువైందని మీకు మూడుసార్లు చెప్పానండి. ప్రతిసారీ మధ్యలోనే ఏదో ఒక పరిష్కారం చెప్పి పంపేశారు" అంది. ఆలోచిస్తే నిజమే. ఆ మాట ఇంకా మనసులోంచి పోవడం లేదు.

ఎవరైనా సమస్య చెప్పడం మొదలుపెట్టగానే నా బుర్రలో జవాబు తయారైపోతుంది. ఇక వాళ్ల మాటలు చెవిన పడతాయే గానీ లోపలికి వెళ్లవు. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉంటే మరీను.

యాక్టివ్ లిజనింగ్ గురించి కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే మనస్తత్వవేత్తలు 1957లోనే రాశారని తెలిసి కొంత చదివాను. వెంటనే సలహా ఇవ్వకూడదు, మాట వెనకున్న బాధనూ పట్టుకోవాలి, మనకు అర్థమైంది తిరిగి చెప్పి సరిచూసుకోవాలి. బాగా నచ్చింది. కానీ నేను "అంటే నువ్వు చెప్పేది ఇదేనా?" అని పదేపదే అడుగుతుంటే చిలక పలుకుల్లా ఉంటోంది, అవతలివాళ్లు ఇబ్బంది పడుతున్నారు. లాప్‌టాప్ మూసేసి కూర్చోవడం మాత్రం కొంత పనిచేసింది.

ఇది కృత్రిమంగా లేకుండా ఎలా చేయాలి? నిర్ణయం అప్పటికప్పుడే చెప్పాల్సి వస్తే ఏం చేస్తారు? అన్నిటికన్నా ముఖ్యంగా, నాతో చెప్పి లాభం లేదని ఇప్పటికే మౌనంగా అయిపోయిన ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లు మళ్లీ మనసు విప్పి మాట్లాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.