బెంగళూరు అద్దింట్లో చిన్న హోమ్ జిమ్: ట్రెడ్‌మిల్ కొనాలా, డంబెల్స్ కొనాలా?

గుంటూరోడు_హెచ్ఎస్ఆర్:

అందరికీ నమస్తే. మేం హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. చిన్న బెడ్‌రూమ్ ఖాళీగానే ఉంది, పది అడుగులకి తొమ్మిది, అందులో బీరువా పోను మిగిలింది వాడుకోవచ్చు. జిమ్ దగ్గర్లోనే ఉంది కానీ ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర తొమ్మిదవుతోంది, మళ్ళీ బట్టలు మార్చుకుని బయటికెళ్ళే ఓపిక ఉండట్లా, అందుకే ఇంట్లోనే ఏదో ఒకటి పెట్టుకుందాం అని నేనూ మా ఆవిడా అనుకున్నాం. బడ్జెట్ 40 వేలు. అమ్మ కూడా మాతోనే ఉంటుంది, 63 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, డాక్టరు గారు కాళ్ళకి బలం రావాలి, కదుల్తూ ఉండమన్నారు. షాపులో అతనేమో ట్రెడ్‌మిల్ ఒక్కటి తీసుకోండి సార్ ముగ్గురికీ సరిపోద్ది అంటున్నాడు, 4 హెచ్‌పీ మోటార్ అట. మా ఆవిడ బరువులు ఎత్తాలంటుంది. ఫ్రెండొకడు మల్టీజిమ్, అంటే కేబుళ్ళతో బరువులు లాగే పెద్ద మిషన్, తీసుకోమంటున్నాడు. ఇంటి ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వడు. మూలన పడకుండా రోజూ వాడేది ఏదో చెప్పండి.

ఇనుము_ఇష్టం:

బ్రదర్, మీ ఆవిడ చెప్పిందే కరెక్ట్. హెచ్ఎస్ఆర్‌లో ఉండి నడవడానికి 40 వేలు ఎందుకండీ, అగర చెరువు చుట్టూ నడిచే దారి ఉంది కదా, పొద్దున ఒక అరగంట అక్కడ నడిస్తే ఆ పని అయిపోతుంది. ఇంట్లో ఉండాల్సింది బయట దొరకనిది, అంటే బరువు. డబ్ల్యూహెచ్ఓ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక లాంటి శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పమని ఉంది, ఆ రెండోదాన్నే మనవాళ్ళు గాలికొదిలేస్తారు. మన తాతల కాలంలో వ్యాయామశాలల్లో దండీలు, బస్కీలు తీసి ఒళ్ళు గట్టిపరుచుకున్నది కూడా ఇందుకే.

నేనైతే ప్లేట్లు మార్చుకునే డంబెల్ రాడ్లు ఒక జత, ఇనుప ప్లేట్లు ఒక 40 కిలోలు, వాలు మార్చుకునే బెంచ్ ఒకటి, కింద రబ్బర్ మ్యాట్, వీటితో మొదలుపెట్టమంటాను. ప్లేట్లు కిలో లెక్కన అమ్ముతారు కాబట్టి నెలాఖరుకి డబ్బులు మిగిలినప్పుడల్లా రెండు కొనుక్కోవచ్చు. చవగ్గా వస్తున్నాయని పైన ప్లాస్టిక్, లోపల సిమెంటు ఉండే ప్లేట్లు మాత్రం వద్దు. అవి లావుగా ఉంటాయి, చిన్న రాడ్డుకి ఎక్కువ పట్టవు, కొన్నాళ్ళకి అతుకు దగ్గర పగిలి బూడిద రాలినట్టు పొడి రాలుతుంది. రాడ్డు చివర నట్టుకి లోపలివైపు రబ్బర్ రింగు ఉందో లేదో చూడండి, అది లేకపోతే చేస్తూ చేస్తూ ఉండగానే నట్టు వదులైపోతుంది, రింగు ఉన్నా సరే సెట్టు సెట్టుకీ ఒకసారి చేత్తో బిగించుకోవాలి.

బెంచ్ మీద 150 కిలోలు అని రాసుంటే అందులో మీ ఒంటి బరువు కూడా కలిపే లెక్క. మల్టీజిమ్ వద్దే వద్దు, అద్దింటి నుంచి అద్దింటికి దాన్ని విప్పి మోసి మళ్ళీ బిగించడం నరకం, పైగా కేబుళ్ళూ పుల్లీలూ అరుగుతాయి.

ఫిజియో_మారతహళ్ళి:

మీ అమ్మగారి గురించి చెప్తానండి, నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఆవిడకి ముందు కావాల్సింది మిషన్ కాదు, చేతులున్న గట్టి కుర్చీ. కుర్చీలోంచి మెల్లగా లేచి నిలబడ్డం, మెల్లగా కూర్చోవడం, మొదట చేతుల సాయంతో, అలవాటయ్యాక చేతులు వదిలేసి. మంచం మీద పడుకుని మోకాలు వంచకుండా కాలు కొంచెం పైకెత్తి ఆపడం. తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది, డాక్టరు గారు చెప్పింది దీని గురించే. ఒకసారి ఎక్స్‌రే చూసినవాళ్ళని అడిగి మొదలుపెట్టండి, చేసిన నొప్పి మర్నాటికి కూడా తగ్గలేదంటే ఎక్కువైందని అర్థం.

ట్రెడ్‌మిల్ అలవాటు లేని పెద్దవాళ్ళు కింద బెల్టు కదులుతుంటే భయంతో కడ్డీ పట్టుకుని ముందుకి వంగిపోతారు, నాకది నచ్చదు. మిషన్ కావాలనుకుంటే వీపుకి ఆనుకునే సీటున్న సైకిల్ చూడండి. అమ్మగారు చీర కడతారు కాబట్టి కాలు పైకెత్తి దాటక్కర్లేకుండా మధ్యలోంచి ఎక్కేలా ఉండాలి, కుచ్చిళ్ళు పెడల్‌లో పడకుండా సైకిల్ ఎక్కేటప్పుడైనా చుడీదారో నైటీ మీద ప్యాంటో వేసుకోమనండి. సీటు తక్కువ ఎత్తులో పెడితే మోకాలు బాగా ముడుచుకుని నొప్పి పెరుగుతుంది, పెడల్ దూరంగా వెళ్ళినప్పుడు కాలు దాదాపు చాపుకుని మోకాలు కొంచెం మాత్రమే వంగాలి. మొదట్లో పెడల్ టైట్‌గా అస్సలు పెట్టొద్దు.

కింది_ఫ్లాట్_బీటీఎం:

నేను ఇంకోవైపు నుంచి చెప్తా, మా పైన ట్రెడ్‌మిల్ ఉంది. రాత్రి పదింటికి ధబ్ ధబ్ మని పిల్లాడు ఉలిక్కిపడి లేస్తాడు. మీరు తొమ్మిదింటికి ఇంటికొస్తే చేసేది ఆ టైమ్‌కే కదా, కింద వాళ్ళ గురించి కూడా కొంచెం ఆలోచించండి. బరువులైనా కింద పడేయకుండా దించండి. పజిల్ ముక్కల్లా అతికే మెత్తటి ఫోమ్ మ్యాట్లు బెంచ్ కాళ్ళ కింద గుంటలు పడిపోతాయి, రబ్బర్‌వే తీసుకోండి.

గుంటూరోడు_హెచ్ఎస్ఆర్:

అందరికీ చాలా థ్యాంక్స్. కింద వాళ్ళ సంగతి నిజంగా తట్టలేదు, వాళ్ళకీ చిన్న పాప ఉంది. రెండు డౌట్లు. ఇంత ఇనుము ఒకే గదిలో పెడితే స్లాబ్‌కి ఏం కాదు కదా? సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా? అమ్మ ఇంకా ట్రెడ్‌మిల్ మీదే మనసు పడింది, పాతది చవగ్గా దొరికితే చూద్దామా అని.

వరంగల్_పోరడు:

అన్నా స్లాబ్ గురించి ఫికర్ వద్దు, ఇండ్లల్ల గదులకు చదరపు మీటరుకు 200 కిలోల దాకా లెక్కేసి కడతరు, మీరు పెట్టేది దానికి ఏ మూలకు. సెకండ్ హ్యాండ్ బెంగళూరుల మస్తు దొరుకుతయ్, ఊరు మారేటోళ్ళు, ఫారిన్ పోయేటోళ్ళు ఓఎల్ఎక్స్‌ల, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులల్ల అమ్మి పోతరు. ప్లేట్లు, రాడ్లు పాతవే తీస్కో, ఇనుముకు ఏమైతది, తుప్పు పడితే వైర్ బ్రష్‌తోని గీకి కొంచెం నూనె రుద్దితే అయిపాయె. ప్లేటు నడిమి బొక్క సైజు మాత్రం కొలుసుకో, పెద్ద జిమ్ముల వాడే ఒలింపిక్ ప్లేట్లకు 50 ఎంఎం ఉంటది, మామూలు రాడ్లు సన్నగ 25 నుంచి 30 మధ్యల ఉంటయ్, ఒకదానికొకటి పట్టవు.

ట్రెడ్‌మిల్ పాతది చూడాల్నంటే నువ్వే ఎక్కి నిలబడి రెండు మూడు కిలోమీటర్ల స్పీడుల నడిచి చూడు. స్పీడుల బాగనే ఉరుకుతది గానీ మెల్లగ నడిచేటప్పుడు బెల్టు ఆగి ఆగి పోతే మోటారో బెల్టో దెబ్బతిన్నట్టే. బెల్టు అంచు ఎత్తి కిందికి వేలు పెట్టు, పొడిపొడిగ ఉంటే సిలికాన్ ఆయిల్ ముఖం చూడనట్టు. మనిషి జారితే మిషన్ ఆపేటందుకు బట్టకు తగిలించుకునే సేఫ్టీ కీ లేకపోతే అమ్మకోసం అస్సలు తీస్కోకు. ఆ షాపాయన చెప్పిన 4 హెచ్‌పీ పీక్ అయ్యుంటది, అంటే కొద్దిసేపే ఇయ్యగలిగే బలం, కంటిన్యుయస్, అంటే ఆగకుండ ఇచ్చేది, ఎంతనో అడుగు. 2 హెచ్‌పీ అంటేనే 1500 వాట్ల దగ్గర, మీ ఇంట్ల 900 వీఏ ఇన్వర్టర్ ఉంటే అది అంత లోడు మొయ్యలేదు, కరెంటు పోంగనే ట్రెడ్‌మిల్ ఆగిపోతది, నడిచేటోళ్ళు తూలి పడతరు.

గుంటూరోడు_హెచ్ఎస్ఆర్:

మా ఏరియాలో కరెంటు ఎప్పుడు పోద్దో తెలీదు, ఆ ఒక్క మాటతో అమ్మ ట్రెడ్‌మిల్ వద్దనేసింది. డంబెల్స్, ప్లేట్లు పాతవి చూస్తా, బెంచ్, మ్యాట్ కొత్తవి. అమ్మకి కుర్చీతో ఇవాళ్టి నుంచే మొదలుపెట్టిస్తున్నా, సైకిల్ ఒక రెణ్ణెల్లు చూసి కొంటాం. ఆదివారం బెంచ్ చూడ్డానికి వెళ్తున్నాం.

ఇనుము_ఇష్టం:

వెళ్ళేటప్పుడు మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి. బెంచ్ మీద వెల్లకిలా పడుకుంటే ఆవిడ రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి, మడమ లేస్తుంటే ఆ బెంచ్ ఆవిడకి ఎత్తు. వాలు పెట్టినప్పుడు సీటుకీ వీపుకీ మధ్య సందు ఎంతుందో చూడండి, కొన్నిటికి పిడికిలి పట్టేంత ఉంటుంది, నడుం అందులోకి జారి నొప్పి పుడుతుంది. వాలు ఆపే పిన్ను పెట్టాక బెంచ్‌ని పక్కకి గట్టిగా ఊపి చూడండి, షాపులోనే కటకటలాడితే వేరేది చూపించమనండి.