హోమ్‌స్కూల్: వానల నెలల్లో లెక్కలు ఆగిపోతున్నాయి

మాది నెల్లూరు జిల్లా కావలి. పాపది ఐదో తరగతి స్థాయి, బాబుది మూడో తరగతి. ఏడింటికి ప్రార్థన, బైబిల్లోని సామెతల గ్రంథంలో తేదీకో అధ్యాయం (31 ఉన్నాయి, నెలకు సరిపోతాయి), తర్వాత లెక్కలు, తెలుగు. జూన్ నుంచి బాగానే సాగుతుంది. అక్టోబరులో వానలు, కరెంటు కోతలు, డిసెంబరులో క్రిస్మస్ క్యారల్స్ మొదలయ్యాక బైబిలు వాక్యం ఒక్కటే నిలుస్తుంది, లెక్కలు ఆగిపోతాయి.

గంటలవారీ టైంటేబుల్ పెట్టాం. తప్పిన పాఠాలు శనివారానికి నెట్టాం, బాకీ పెరిగిందే గానీ తీరలేదు. ఆరు వారాలు చదివి ఒక వారం సెలవు ఇచ్చి చూశాం. ఆ సెలవు వారమే ఎండ కాస్తుంది, ఏం చేస్తాం! పాప 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పది రాయాలి, భిన్నాలు వదిలేయలేం.

ఇలాంటి ఊళ్లలో ఇంట్లోనే చదివించేవాళ్లు అక్టోబరు–డిసెంబరు లెక్కల పాఠాలను ఏ నెలల్లోకి జరుపుకున్నారు?