జెట్‌ఫైర్ ఒరిజినల్ కొనాలా, రీఇష్యూ కొనాలా? ఆప్టిమస్ పక్కన ఏ స్కేల్ నప్పుతుంది?

ప్రశ్న (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నేను ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు కొనడం మొదలుపెట్టి మూడేళ్లే అయింది. మా పెదనాన్నగారి అబ్బాయి సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి వస్తున్నాడు. "ఒక్క బొమ్మ తెస్తాను, ఏది కావాలో తేల్చుకుని చెప్పు" అన్నాడు. నాకు కావలసింది జెట్‌ఫైర్. చిన్నప్పుడు మా వీధిలో ఒకరింట్లో చూశాను. తెల్ల విమానం, వీపు మీద ఎర్ర బూస్టర్లు. ఆ ఇంటి అబ్బాయి రెండు మూడు మలుపులు తిప్పగానే రోబో అయి నిలబడింది. ముట్టుకోనివ్వలేదు. అది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఒకాయన 1985 ఒరిజినల్ అంటున్నాడు, కాలి అడుగున అచ్చయిన సంవత్సరం ఫొటో కూడా పంపాడు. ఇంకొకచోట "జీ వన్ జెట్‌ఫైర్ కొత్త రీఇష్యూ" అని సగం ధరకు ఉంది. జీ వన్ అంటే 1980ల తొలి తరం బొమ్మలు, రీఇష్యూ అంటే పాత బొమ్మను మళ్లీ విడుదల చేయడం. జపాన్ కంపెనీ బండాయ్ వాళ్ల 1/55 (అసలు సైజులో 55వ వంతు) వాల్కిరీ, 1/48 వాల్కిరీ కూడా చూశాను, అవీ అదే విమానంలా ఉన్నాయి. వీటిలో ఏది కొనమంటారు? నా దగ్గర ఎన్‌కోర్ (జపాన్ కంపెనీ తకారా రీఇష్యూ వరుస) ఆప్టిమస్, సౌండ్‌వేవ్ ఉన్నాయి, ఒకటి లారీగా, ఒకటి టేప్ రికార్డర్‌గా మారే రోబోలు. మూడూ ఒకే అరలో ఉండాలని నా కోరిక. అర ఎత్తు 30 సెంటీమీటర్లు, లోతు 25. స్కేల్ కలుస్తుందా?

జవాబు (హైదరాబాద్)

మీరు చిన్నప్పుడు చూసిన బొమ్మ పుట్టుకతో ట్రాన్స్‌ఫార్మర్ కాదండి. ఈ సంగతి తెలిస్తే సగం సందేహాలు వాటంతట అవే తీరతాయి. 1982 అక్టోబర్‌లో జపాన్‌లో 'మాక్రోస్' టీవీ సీరియల్ మొదలైంది. అందులోని వీఎఫ్-1 వాల్కిరీని షోజీ కవామోరి అమెరికా ఎఫ్-14 యుద్ధవిమానం పోలికలతో రూపొందించాడు. దాన్ని తకతోకు టాయ్స్ అనే కంపెనీ 1/55 స్కేల్‌లో బొమ్మగా చేసింది. అమెరికా కంపెనీ హాస్‌బ్రో ట్రాన్స్‌ఫార్మర్స్ మొదలుపెట్టినప్పుడు చాలా బొమ్మలను తకారా దగ్గర తీసుకుంది కానీ, ఇలాంటి కొన్నింటిని బయటి కంపెనీల నుంచి తెచ్చుకుంది. 1984లో తకతోకు దివాలా తీసింది, వాల్కిరీ అచ్చులు బండాయ్ చేతికి వెళ్లాయి. బండాయ్‌కీ తకారాకూ వ్యాపారంలో పోటీ. అందుకే కార్టూన్‌లో ఈ పాత్ర రూపం మార్చి స్కైఫైర్ అని పేరు పెట్టారు. జపాన్‌లో ఆ బొమ్మను ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మనే లేదు.

కాబట్టి మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇది. తకారా 2000 నుంచి పాత జీ వన్ బొమ్మలను మళ్లీ విడుదల చేస్తోంది. 2007లో ఎన్‌కోర్ వరుస మొదలైంది, 2018 నుంచి అమెరికాలో వాల్‌మార్ట్ కోసం హాస్‌బ్రో చేసిన రీఇష్యూలూ వచ్చాయి. ఇన్నింటిలోనూ 1985 జెట్‌ఫైర్ లేదు, అచ్చు వాళ్లది కాదు కనుక. ట్రాన్స్‌ఫార్మర్స్ బాక్స్‌లో "జీ వన్ జెట్‌ఫైర్ రీఇష్యూ" అని సగం ధరకు ఎవరైనా అమ్ముతుంటే అది డూప్లికేట్. దాని జోలికి వెళ్లకండి.

నిజమైన రీఇష్యూ ఒకటుంది, బండాయ్ 2000ల మొదట్లో 'ఆరిజిన్ ఆఫ్ వాల్కిరీ' పేరుతో ఇచ్చిన 1/55. తకతోకు నాటి బొమ్మే, మాక్రోస్ రంగుల్లో వస్తుంది. ఆటోబాట్ (కథలో మంచి రోబోల జట్టు) గుర్తు ఉండదు, మీరు చెప్పిన ఎర్ర బూస్టర్లు ఉండవు. కానీ చేతిలో పట్టుకుని తిప్పితే ఆ రోజు మీరు తాకలేకపోయిన బొమ్మ అదే. నేనైతే దాన్నే కొనమంటాను.

జవాబు (డాలస్)

అన్నా, హైదరాబాద్ వారి మాటలో చరిత్ర అంతా నిజమే. ముగింపు మాత్రం నేను ఒప్పుకోను. ఈయన అడిగింది వాల్కిరీ కాదు, జెట్‌ఫైర్. ఎర్ర బూస్టర్, ఆటోబాట్ గుర్తు లేకపోతే అరలో ఎంత బాగున్నా మనసులో వెలితి ఉండిపోతుంది. నేను అదే తప్పు చేశాను. ముందు వాల్కిరీ కొన్నాను, రెండేళ్ల తర్వాత ఎలాగూ 1985ది కొన్నాను. రెండుసార్లు ఖర్చు. బాక్స్ లేని, వాడిన ఒరిజినల్ అయినా ఫరవాలేదు, అదే తీసుకోండి.

అయితే ఆ కాలి అడుగు ఫొటోను నమ్మకండి. బొమ్మ మీద అచ్చయిన సంవత్సరం కాపీరైట్‌ది, తయారైన సంవత్సరం కాదు. 2000 తర్వాత చేసిన రీఇష్యూ మీద కూడా పాత సంవత్సరమే ఉంటుంది. మంచి డూప్లికేట్ చేసేవాడు దాన్ని కూడా కాపీ కొడతాడు.

జవాబు (బెంగళూరు)

ఆ సంవత్సరం సంగతి చెప్పినందుకు చాలా థాంక్స్, కొత్తవాళ్లలో సగం మంది అక్కడే మోసపోతారు. నేనొక ఆప్టిమస్‌ని అలాగే కొన్నాను. అమ్మినవాడు "1984 పీస్ మేడం" అన్నాడు. ఇంటికి వచ్చాక చూస్తే ట్రైలర్ అడుగున తకారా టోమీ అని ఉంది. తకారా, టోమీ కలిసిందే 2006లో! అప్పటినుంచి నేను సంవత్సరం వైపు చూడను, పేరు చదువుతాను.

ఇంకో గుర్తు రబ్‌సైన్. 1985 నుంచి హాస్‌బ్రో బొమ్మల మీద ఒక నల్లటి చిన్న స్టిక్కర్ ఉండేది. వేలితో రుద్దితే వేడికి ఆటోబాట్ లేదా డిసెప్టికాన్ (శత్రు జట్టు) ముఖం కనిపిస్తుంది. అసలు బొమ్మను డూప్లికేట్ నుంచి గుర్తుపట్టడానికే దాన్ని పెట్టారు. 1984 తొలి బొమ్మల మీద అది ఉండదు, అందువల్ల స్టిక్కర్ లేదని ఆప్టిమస్‌ని తీసిపారేయకూడదు. ఆప్టిమస్ కొనేవాళ్లు పొగగొట్టాలు కూడా చూడండి. 2002లో అమెరికాలో వచ్చిన రీఇష్యూకు పిల్లల భద్రత నిబంధనల కోసం వాటిని పొట్టిగా కత్తిరించారు. జపాన్ రీఇష్యూకు పూర్తి పొడవు ఉంటుంది.

జెట్‌ఫైర్ విషయంలో నా భయం వేరు. ఆ తెల్ల ప్లాస్టిక్ పచ్చబడుతుంది. ప్లాస్టిక్‌లో మంటలు అంటకుండా కలిపిన బ్రోమిన్ పదార్థాలు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు దీనికి కారణం. నలభై ఏళ్ల బొమ్మ కదా, ఒక రెక్క తెల్లగా, ఒక కాలు పచ్చగా ఉన్నవి చాలా చూశాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది కానీ కొన్నాళ్లకు మళ్లీ పచ్చబడుతుంది. సరిగా చేయకపోతే మచ్చలు కూడా పడతాయి. మీది విశాఖ, ఉప్పుగాలి. డైకాస్ట్ (పోత పోసిన లోహం) భాగాలున్న బొమ్మలో స్క్రూలు తుప్పు పడతాయి. ఒరిజినల్ కొంటే అద్దం తలుపున్న అలమరా, సిలికా జెల్ పొట్లాలు, ఎండ పడని గోడ, ఇవి మూడూ తప్పనిసరి. తరచూ తిప్పి ఆడుకోవాలంటే మాత్రం ఒరిజినల్ వద్దు.

ప్రశ్న అడిగినవారు (విశాఖపట్నం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆ "కొత్త రీఇష్యూ" మాట మరచిపోయాను. కాలి ఫొటో పంపినాయన్ని రబ్‌సైన్ ఫొటో అడిగాను, ఇంతవరకూ జవాబు లేదు. నాకు తిప్పి ఆడుకోవాలనే ఉందండి, అద్దాల వెనక పెట్టి చూడటం కాదు. మా పాప కూడా ముట్టుకుంటుంది. స్కేల్ గురించి ఎవరైనా చెబుతారా? 1/55 అంటే ఆప్టిమస్‌కు కూడా 1/55 అనే అర్థమా?

జవాబు (హైదరాబాద్)

కాదండి. స్కేల్ అనే మాటకు అర్థం ఉండాలంటే ముందు అసలు వస్తువు ఎత్తు ఎంతో తేలాలి. వాల్కిరీకి అది తేలి ఉంది. విమానంగా 14.23 మీటర్ల పొడవు, రోబోగా 12.68 మీటర్ల ఎత్తు. దాన్ని స్కేల్‌తో భాగించండి. 1/55లో విమానం 26 సెంటీమీటర్లు, రోబో 23. 1/60లో దాదాపు 24, 21. 1/48లో దాదాపు 30, 26. బొమ్మ తయారీలో కాస్త అటూ ఇటూ అవుతుంది కానీ అంచనాకు ఇది చాలు.

మీ అర లోతు 25 అన్నారు. 1/48 విమానం ముక్కు 5 సెంటీమీటర్లు బయటికి వస్తుంది, అద్దం తలుపు ఉంటే మూసుకోదు. రెక్కలు పూర్తిగా విప్పితే అసలు విమానం 14.78 మీటర్ల వెడల్పు, అంటే 1/48లో 31 సెంటీమీటర్లు. ఏటవాలుగా పెడదామన్నా పక్క బొమ్మకు తగులుతుంది. అందరూ అర ఎత్తు కొలుస్తారు, లోతు కొలిచేవాళ్లు తక్కువ. 1/55ని కొద్దిగా ఏటవాలుగా పెడితే సరిపోతుంది. రోబోగా నిలబెడితే 1/48కి కూడా చోటుంది.

ఇక ఆప్టిమస్. అతను తకారా డయాక్లోన్ వరుసలోంచి వచ్చాడు. డయాక్లోన్‌లో కాళ్లకు అయస్కాంతాలున్న మూడు సెంటీమీటర్ల పైలట్ బొమ్మలుండేవి, వాళ్లు ఎక్కి నడిపే యంత్రాలే ఆ రోబోలు. లెక్కకు 1/60. మీ ట్రైలర్ లోపలి మరమ్మతు యంత్రం చూడండి, చిన్న సీటు కనిపిస్తుంది. అది ఆ పైలట్ కోసమే. సౌండ్‌వేవ్ మైక్రో ఛేంజ్ వరుసలోది. మనింట్లో ఉండే వస్తువే రోబో అవుతుందని ఆ వరుస ఊహ, అంటే 1/1. తుపాకీగా మారే మెగాట్రాన్ కూడా అంతే, నిజం వాల్తర్ పీ-38 పిస్తోలు సైజు అని చెప్పుకున్నారు. ఒకటి 1/60, ఒకటి 1/1, ఒకటి 1/55. మూడింటినీ హాస్‌బ్రో ఒక పేరు కింద కలిపింది. కథలో సౌండ్‌వేవ్ టేప్ రికార్డర్‌గా మారినప్పుడు చిన్నవాడైపోతాడు కదా, బొమ్మల్లోని ఈ తేడాను సర్దుకోవడానికి కథ పడిన పాట్లవి.

జీ వన్ బొమ్మల్లో స్కేల్ వెతకడం వృథా అని నా గట్టి నమ్మకం. అవి ఒకే కాలం బొమ్మలు, అదే వాటి పొత్తు. జెట్‌ఫైర్ ఆప్టిమస్ కంటే బాగా పొడుగ్గా ఉంటాడు, ఉండనివ్వండి. విమానం లారీ కంటే పెద్దదే కదా.

జవాబు (డాలస్)

ఈ మాటకు నూటికి నూరు పాళ్లు నా ఓటు. నేను ఒకప్పుడు స్కేల్ పిచ్చిలో జపాన్ కార్టూన్ల రోబోలైన మాజింగర్‌ని, వోల్టెస్ ఫైవ్‌ని ఒకే లెక్కలో పెట్టాలనుకున్నాను. మాజింగర్ 18 మీటర్లు, వోల్టెస్ 58. 1/100 అంటే మాజింగర్ 18 సెంటీమీటర్లు, చక్కగా సరిపోతాడు. వోల్టెస్‌కు 58 సెంటీమీటర్లు కావాలి! అందుకే బండాయ్ సోల్ ఆఫ్ చొగొకిన్ వరుసలో ఒక్కొక్కదాన్ని చేతికి నప్పే సైజులో చేస్తారు తప్ప వరుసంతా ఒక స్కేల్‌లో చేయరు. మాక్రోస్ అంతరిక్ష ఓడ 1200 మీటర్లు. 1/55లో కావాలంటే 22 మీటర్ల బొమ్మ, రెండు బస్సుల పొడవు.

నిజంగా కథలోని ఎత్తులే కావాలంటే కొత్త వరుస చూడాలి. 2019లో హాస్‌బ్రో సీజ్ వరుసలో కమాండర్ (పెద్ద) సైజు జెట్‌ఫైర్ వచ్చింది. పక్కన అదే వరుసలోని వాయేజర్ (మధ్యస్థ) సైజు ఆప్టిమస్‌ని పెడితే పెద్దా చిన్నా తేడా చక్కగా కుదురుతుంది. అందులో ఎర్ర బూస్టర్లు కూడా ఉన్నాయి. మీ ఎన్‌కోర్ ఆప్టిమస్ పక్కన మాత్రం అది ఇంకో ఇంటివాడిలా కనిపిస్తుంది, కీళ్ల పనితనం అంత వేరు. పాప ఆడుకుంటుందన్నారు కనుక నా మాట మార్చుకుంటున్నాను, ఒరిజినల్ వద్దు. ముక్కు భాగం విరిగితే ఆ బాధ మీరు పడలేరు.

జవాబు (బెంగళూరు)

రీఇష్యూ, కొత్త బొమ్మ అని రెండే దారులు అనుకోకండి. తకారా టోమీ 2024లో మిస్సింగ్ లింక్ అనే వరుస మొదలుపెట్టింది, మొదట వచ్చింది ఆప్టిమసే. చూపుకు అచ్చం పాత బొమ్మ, మోచేతులు, మోకాళ్లు మాత్రం ఇప్పటి బొమ్మల్లా వంగుతాయి. ఒరిజినల్ అభిమానులు కొందరికి అది నచ్చదు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. చిన్నప్పుడు మనం ఊహించుకున్న ఆప్టిమస్ కాళ్లు కదిపి పరిగెత్తేవాడు, చేతిలో ఉన్నవాడు మాత్రం కర్రలా నిలబడేవాడు. అచ్చు బండాయ్‌దే కాబట్టి జెట్‌ఫైర్‌కు ఇలాంటిది ఆశించలేం, అది వేరే మాట.

ప్రశ్న అడిగినవారు (విశాఖపట్నం)

అయితే తేలిపోయింది. 1/55 ఆరిజిన్ ఆఫ్ వాల్కిరీ, బూస్టర్లున్న సూపర్ వాల్కిరీ దొరికితే అదే. ఎర్ర రంగు లేదన్న వెలితి ఉంటుంది, ఒప్పుకుంటున్నాను. కానీ డాలస్ అన్న చెప్పినట్టు రెండోసారి ఖర్చు వస్తే అప్పటికి పాప కాస్త పెద్దదవుతుంది, ఒరిజినల్ అప్పుడు చూస్తాను. ఆఖరి సందేహం. అన్నయ్య రావడానికి ఇంకా టైముంది. జపాన్ నుంచి నేరుగా ఇక్కడికే తెప్పించుకోవచ్చా? మెగాట్రాన్ కూడా తెమ్మననా?

జవాబు (హైదరాబాద్)

అన్నయ్యనే తేనివ్వండి. మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఉండాలన్న నిబంధన కూడా వచ్చింది. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగితే ఆ టెన్షన్ పడలేం. పాత మాక్రోస్ బొమ్మలు ఎక్కువగా జపాన్ సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లోనే ఉంటాయి. హక్కుల తగాదా వల్ల చాలా ఏళ్లు అవి అమెరికా దుకాణాలకు సరిగా రాలేదు, 2021 ఏప్రిల్‌లోనే ఒప్పందం ప్రకటించారు. కాబట్టి అన్నయ్యను ఇప్పుడే జపాన్ నుంచి న్యూజెర్సీకి ఆర్డర్ పెట్టమనండి, సంక్రాంతి దాకా ఆగవద్దు. కొనే ముందు అమ్మేవాళ్లను నాలుగు ఫొటోలు అడగమనండి: ముక్కు కొన, రెక్కల కీళ్లు, తుపాకీ, బూస్టర్ల కొక్కేలు.

మెగాట్రాన్ వద్దండి. అచ్చం తుపాకీలా ఉండే బొమ్మ అది. అమెరికాలో 1989 నుంచి బొమ్మ తుపాకీలకు నారింజ రంగు కొస ఉండాలని చట్టం, అది లేని జపాన్ రీఇష్యూతో విమానాశ్రయంలో మీ అన్నయ్యకు ఇబ్బంది. వాల్కిరీని మాత్రం చేతి బ్యాగులోనే పెట్టుకోమనండి. రోబోగా కాదు, విమానంగా మార్చి రెక్కలు వెనక్కి మడిచి పెట్టాలి. బూస్టర్లు విడిగా మెత్తటి గుడ్డలో చుట్టాలి, స్టిక్కర్ల షీటు పుస్తకం మధ్యలో పెడితే మడత పడదు.